ఎర్ర గీత పడేదాకా

సోమవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు దిగువ బడి గ్రంథాలయంలో ఒక్క పుస్తకం కూడా లేదు. బీరువాలు పదకొండు, అరలు అరవై ఆరు, అన్నీ ఖాళీ. వాటి మధ్య కుర్చీ వేసుకుని లైబ్రేరియన్ టీ తాగుతోంది. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు ఉష్ మేడం.

పుస్తకాలు పోలేదు, ఆమే పంపింది. మధ్యాహ్నం మూడింటికి అన్నీ వెనక్కి తీసుకుని, సాయంత్రానికి సర్దేస్తే ఆ రోజుకు పని అయిపోయినట్టే. విలీన అధికారి వచ్చేది మంగళవారం.

ఊళ్లో హైస్కూళ్లు రెండు. పిల్లలు తగ్గారని దిగువ బడిని ఎగువ బడిలో కలపమన్నారు. కలపడమంటే ఏమిటో ఏడాది పొడుగునా తెలుస్తూ వచ్చింది. వానాకాలంలో బడి గంట అక్కడికి పోయింది. ఆ తర్వాత డ్రిల్లు మాస్టారు పోయాడు. చలికాలంలో ప్రయోగశాల పోయింది. త్రాసు తీసుకెళ్లి, తూకపు రాళ్లు ఇక్కడే వదిలేశారు. ఎండలు ముదిరేసరికి గ్రంథాలయం వంతు వచ్చింది. మూడేళ్లలో ఎవరూ ఇంటికి తీసుకెళ్లని పుస్తకాన్ని పాత కాగితం కింద తూకానికి వేయాలని ఉత్తర్వు.

అది చదవగానే ఆమెకు ఒళ్లు మండింది. "నిఘంటువును ఎవడండీ ఇంటికి తీసుకెళ్లేది? అట్లాసు ఎవడు మోస్తాడు? బడిలో కూర్చుని చూసుకునేవి చదివినట్టు కాదా?" అని హెడ్మాస్టారిని నిలదీసింది.

"రూలమ్మా. నేనేం చేయను?"

"ఏం చేయకపోవడం మీకు కొత్తా?"

ఉన్న పుస్తకాలు నాలుగు వేల నూట పదహారు. ఇరవై రెండేళ్లు ఆమె అట్టలు వేసి, చెదలు దులిపి కాపాడినవి. రూలు ప్రకారం మూడు వేలకు పైగా తూకానికి పోతాయి. తీసుకెళ్లిన పుస్తకాన్నే ఉంచుతారా, అయితే అన్నీ తీసుకెళ్లండి అనుకుంది. శుక్రవారం మూడు వందల ఎనభై ఆరు మంది పిల్లలకు తలా పది పుస్తకాలు రాసిచ్చింది. పద్దెనిమిది మంది టీచర్లకు పన్నెండేసి అంటగట్టింది. ఇరవై నాలుగు సంపుటాల విజ్ఞాన సర్వస్వం హెడ్మాస్టారి పేర రాసింది. మిగిలిన పదహారూ వాచ్‌మన్‌కి.

"నాకు చదవడం రాదు కదమ్మా!" అన్నాడు వాచ్‌మన్.

"చదవమన్నానా? తీసుకెళ్లమన్నాను."

పిల్లలకు ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెప్పింది. "రిజిస్టర్లో మీ పేరు మీద నా ఎర్ర గీత పడేదాకా పుస్తకం ఎవరి చేతికీ ఇవ్వకూడదు. ఎవరడిగినా సరే." ఒకసారి ఆమె సెలవులో ఉన్నప్పుడు ఎవరికో ఇచ్చేసిన నలభై పుస్తకాలు ఇప్పటికీ దొరకలేదు.

సోమవారం తొమ్మిదీ పదికి అధికారి లోపలికి వచ్చాడు. జీపు ఒకరోజు ముందే దొరికిందట.

"పుస్తకాలేవీ?"

"చదువుకోడానికి ఇచ్చానండీ."

"అన్నీనా?"

"అన్నీ."

"అమ్మా, నా చెవిలో పువ్వు కనిపిస్తోందా మీకు?"

హెడ్మాస్టారు కల్పించుకున్నాడు. సాయం చేద్దామనే నోరు తెరిచాడు. "నిజమేనండీ. నేను కూడా ఇరవై నాలుగు తీసుకెళ్లాను."

"చదువుతున్నారా?"

"టీవీ కింద పెట్టాం. ఎత్తు సరిపోయింది."

ఆమె చేతిలో టీ గ్లాసు లేకపోయి ఉంటే ఏం జరిగేదో చెప్పలేం.

అధికారి అక్కడే నిలబడి రాశాడు: "గది ఖాళీ. పుస్తకాలు లేవు. లైబ్రేరియన్ సంజాయిషీ ఇవ్వాలి." ఆమె రిజిస్టరు చూపించబోయింది. "కాగితం మీద ఎన్నైనా రాయొచ్చు" అన్నాడు, తను కాగితం మీద రాస్తూనే. ఖాళీ గది ఉంచకూడదని ఎగువ బడిలో విరిగిన బెంచీలన్నీ తెప్పించాడు. పన్నెండున్నరకు గుమ్మం దాకా బెంచీలే. తలుపుకు కాగితం అంటించారు: "గ్రంథాలయం మూసివేయడమైనది. వివరాలకు ఎగువ బడిని సంప్రదించగలరు." ఆ పని ముగించుకుని అధికారి ఎగువ బడి తనిఖీకి వెళ్లాడు.

మూడింటికి ఆమె హెడ్మాస్టారి గదిలో సంజాయిషీ రాస్తోంది. నాలుగో కాగితం చింపింది. మొదటి మూడింటిలోనూ రాయకూడని మాటలు పడ్డాయి. అదే సమయానికి పిల్లలు తలా పది పుస్తకాలతో గ్రంథాలయం దగ్గరికి వచ్చారు. తలుపు మీది కాగితం చదివారు. రెండు కిలోమీటర్లు నడిచి ఎగువ బడికి పోయారు. టీచర్లు వెనకాల ఆటోల్లో వెళ్లారు.

ఎగువ బడిలో అప్పుడు ఇంకో గొడవ నడుస్తోంది. ఆ బడి పెద్ద మేడం రూలు తప్పని మనిషి. కిందటి వారమే ఆరు వేల పుస్తకాలను పరీక్షించి, రెండు వందల పన్నెండు ఉంచి, మిగతావి తూకానికి వేసేసింది. తీరా చూస్తే, కలిపిన బడికి గుర్తింపు రావాలంటే గ్రంథాలయంలో నాలుగు వేల పుస్తకాలు ఉండాలని ఇంకో రూలు ఉంది. రెండు ఉత్తర్వుల మీదా సంతకం ఈ అధికారిదే.

"మీరు వేయమంటేనే కదండీ వేశాను!" అంటోంది పెద్ద మేడం.

"చూసి వేయాలమ్మా!"

"ఏం చూడాలి? మీ సంతకమా?"

అంతలో గేటు దగ్గర వరుస కనిపించింది. అధికారి లెక్కపెట్టడం మొదలుపెట్టి, వందో తల దగ్గర ఆపేశాడు. పరుగున వెళ్లి ముందున్న అమ్మాయి చేతిలోని పుస్తకాలు పట్టుకున్నాడు. ఆ పిల్ల వదల్లేదు.

"ఇవ్వమ్మా, ఇక్కడ పెట్టేసి ఇంటికెళ్లు."

"గీత పడలేదు సార్."

"ఏం గీత?"

"ఉష్ మేడం గీత. అది పడేదాకా ఎవరికీ ఇవ్వకూడదు."

"నేనెవరో తెలుసా?"

"మీ పేరు రిజిస్టర్లో లేదు సార్."

వెనకున్న వాళ్లు పుస్తకాలు గుండెలకు హత్తుకున్నారు. టీచర్లను అడిగాడు. వాళ్లూ ఇవ్వలేదు. ఉష్ మేడం నోటికి ఎదురెళ్లే ధైర్యం ఎవరికీ లేదు.

నాలుగూ ఇరవైకి అధికారి జీపు దిగువ బడి ముందు ఆగింది. "అర్జెంటుగా రమ్మంటున్నారమ్మా. రిజిస్టరూ, ఎర్ర పెన్నూ తెమ్మన్నారు" అన్నాడు డ్రైవరు.

"సంజాయిషీ ఇంకా పూర్తి కాలేదని చెప్పు."

"బతిమాలుతున్నారమ్మా."

ఆమె వెళ్లింది. ఎగువ బడి వరండాలో బల్ల వేయించుకుంది. బల్ల ఎత్తు చాల్లేదంటే అధికారే ఇటుకలు మోసుకొచ్చాడు. ఒక్కో పేరూ చదివి, ఒక్కో కట్టా తిప్పి చూసి, గీత కొట్టింది. తొందరపెట్టబోయిన అధికారి ముఖాన "ఉష్" అంది. ఆయన ఆగిపోయాడు. ఆరూ యాభైకి, హెడ్మాస్టారి టీవీ కింది సంపుటాలు కూడా వచ్చాక, చివరి గీత పడింది. ప్రతి పుస్తకం మీదా, ఎవరో ఇంటికి తీసుకెళ్లినట్టు, ఆ ఏటి తేదీ ఉంది. మరో మూడేళ్ల దాకా దేన్నీ తూకానికి వేయడానికి వీల్లేదు.

బుధవారం పైనుంచి రెండు కాగితాలు వచ్చాయి. ఒక్క లారీ అయినా వాడకుండా గ్రంథాలయాన్ని ఒక్క పూటలో తరలించినందుకు విలీన అధికారికి అభినందనలు తెలుపుతూ మొదటిది. సోమవారం సాయంత్రం అనుమతి లేకుండా పనిచేసే చోటు విడిచి వెళ్లినందుకు లైబ్రేరియన్‌కు మెమో ఇస్తూ రెండోది.

జవాబుకు మూడు రోజులు గడువిచ్చారు.