ఎజ్రా మాస్టారి చిన్న కెమెరా

శనివారం పొద్దున్నే ఇడ్లీ తింటూ ఎజ్రా మాస్టారు బీరువాలో సగభాగాన్ని భార్యకు తిరిగి ఇచ్చేస్తున్నట్టు ప్రకటించారు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ సగంలో విక్టోరియా గారి చీరలకు చోటు లేదు. అక్కడుండేవి కెమెరాలు. గుండుగొలను హైస్కూల్లో సైన్సు చెప్పినన్నాళ్లూ మాస్టారికి కాస్త వెసులుబాటు దొరికితే చాలు, బీరువాలోకి కొత్త కెమెరా వచ్చి కూర్చునేది. రిటైరై ఏలూరులో స్థిరపడ్డాక అయినా తగ్గుతాయనుకుంటే, వాటికి లెన్సులు కూడా తోడయ్యాయి.

"అన్నీ తీసేస్తున్నాను విక్టోరియా. చిన్నదొక్కటి ఉంచుకుంటే చాలు నాకు."

విక్టోరియా గారు చట్నీ గిన్నెతో అలాగే నిలబడిపోయారు. "ఒంట్లో బాగానే ఉందాండీ?"

"ఒళ్లు బాగానే ఉంది. మెడే బాగాలేదు. ఆ సంచీ మోయలేకపోతున్నాను. కొంగ కనబడ్డాక ఏ లెన్సు పెట్టాలా అని నేను ఆలోచించుకునేసరికి, అది పిల్లల్ని చూసుకోడానికి గూటికి వెళ్లిపోతోంది."

ఇది నిజమే గానీ సగం నిజం. మిగతా సగం మాస్టారు ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్లలో ఆయన కొల్లేరుకు వచ్చిన ప్రతి పక్షినీ కళ్లు తెరుచుకుని ఉండగా ఫోటో తీశారు. భార్యను మాత్రం తీయలేకపోయారు. కెమెరా ఎత్తగానే ఆవిడ పోలీస్ స్టేషన్లో కూర్చోబెట్టినట్టు బిగుసుకుపోయేది. 'ఠక్' అనగానే కళ్లు మూసుకునేది. కిందటేడు చర్చి శతాబ్ది సంచికలోనూ ఆవిడ ఫోటో అలాగే అచ్చయింది. చూసినవాళ్లంతా ప్రార్థనలో ఉన్నారనుకున్నారు కాబట్టి పరువు దక్కింది. ఆవిడ కూడా నవ్వేసింది. అయితే నవ్వుతూనే ఆ పేజీని గబుక్కున తిప్పేయడం మాస్టారు చూశారు. ఆయనకు చాలా బాధేసింది. ఇన్ని పక్షులకు చేసిన ఉపకారం కట్టుకున్న మనిషికి చేయలేకపోయానే అనిపించింది.

రేంజ్‌ఫైండర్ అనే కెమెరా సంగతి ఆయన చెవిన పడింది ఆ తర్వాతే. గుప్పెడంత ఉంటుంది. ఫిల్ము వేసుకోవాలి. నొక్కితే తలుపు గడియ మెల్లగా పడినంత చప్పుడు తప్ప ఠక్కులూ టక్కులూ ఉండవు. దాంతో అయితే విక్టోరియాకు తెలియకుండా ఒక్క మంచి ఫోటో తీయవచ్చు. అదీ ఆయన పథకం. ఉన్నవాటిలో మంచివి రెండు అమ్మి దాన్ని తెప్పించుకున్నారు. మిగిలినవి చుట్టాలకు పంచేశారు. మోచేయంత లెన్సున్న పెద్ద కెమెరా తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేసే బావమరిది మధుబాబుకు దక్కింది. మధుబాబు ఫోనుతో తీసినా సగం ఫోటోల్లో ఆయన బొటనవేలే ఉంటుంది. బావగారు ఇస్తే వద్దనడం మర్యాద కాదని పుచ్చుకున్నాడు.

ఇంతవరకు ఎవరికీ ఏ హానీ జరగలేదు. ఈ కెమెరాలో చూడాలంటే మూలనున్న చిన్న కిటికీకి కన్ను ఆనించాలి. పాత కళ్లజోడు అడ్డొస్తోందని మాస్టారు కంటి డాక్టరు దగ్గరకు వెళ్లారు. బయటకు వస్తుండగా పక్కింటి సారమ్మ గారు చూశారు. ఆవిడ చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఒకరి కష్టం కంట పడితే తోచినంత సాయం చేసేదాకా నిద్రపోని మంచి మనిషి. మాస్టారి కొంప ముంచింది ఆ మంచితనమే.

మర్నాడు కరివేపాకు కోసం వచ్చిన సారమ్మ గారికి, వరండాలో ఒక కన్ను మూసుకుని తన వైపే చూస్తున్న మాస్టారు కనిపించారు.

"ఏం చేస్తున్నారండీ మాస్టారూ?"

"కొత్త కెమెరాకి చెయ్యి అలవాటు చేసుకుంటున్నానండీ. ఇప్పుడు నాకు మీరు ఇద్దరు కనిపిస్తున్నారు."

"ఇద్దరా!"

"అవునండీ. ఒకరి పక్కన ఒకరు, మసక మసగ్గా. ఓపిగ్గా సర్దుకుంటూ వస్తే ఇద్దరూ కలిసి ఒక్కరైపోతారు. ఒక్కోసారి ఎంత చూసినా కలవరనుకోండి. అలవాటు పడాలి, ఏం చేస్తాం."

ఆ కెమెరా లోపల ఎవరైనా అలాగే ఇద్దరుగా కనిపిస్తారనీ, ఆ ఇద్దర్నీ కలపడమే దాన్ని సరిచేసే పద్ధతనీ మాస్టారు ఒక్క మాట చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఉద్యోగంలో ఉండగా అడగకపోయినా వివరించే మనిషి, రిటైరయ్యాక ఆ అలవాటు మానుకున్నారు. సారమ్మ గారు కరివేపాకు మరిచిపోయి ఇంటికి వెళ్లిపోయారు. కంటి డాక్టరు. కెమెరాలు పంచేయడం. మనుషులు ఇద్దరుగా కనిపించడం. ఆవిడకు ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

గురువారం కూడికలో సారమ్మ గారు ప్రార్థన విన్నపం పెట్టారు. "పేరు చెప్పకూడదు గానీ, మా పక్కింట్లో ఉండే సైన్సు మాస్టారొకరికి చూపు మందగిస్తోంది. ఆయన బాధపడతారు, ఆ మాట ఎవరూ ఎత్తకండి. మనసులోనే ప్రార్థన చేసుకోండి."

అందరూ ఆ మాట మీదే నిలబడ్డారు. ఎవరూ నోరెత్తలేదు. కూర మాత్రం తెచ్చారు. కంటికి మంచిదని ఒకరు పొన్నగంటి కూర తెచ్చిచ్చారు. మరొకరూ తెచ్చారు. పాస్టరు గారి భార్య క్యారెట్లతో కలిపి తెచ్చారు. వారం తిరిగేసరికి మాస్టారింట్లో పప్పూ పొన్నగంటే, వేపుడూ పొన్నగంటే.

"ఏం విక్టోరియా, ఊళ్లో ఇంకే ఆకూ మొలవడం మానేసిందా?"

"పెరళ్లలో విపరీతంగా పెరిగిందేమోనండీ. పోనీలెండి, అభిమానంతో ఇస్తున్నారు," అని ఆవిడ పోపు వేసింది.

సరిగ్గా అప్పుడే మాస్టారు ఆదివారం ఆరాధన కాగానే కొల్లేరు వెళదామన్నారు. విక్టోరియా గారు ఆ మాట గోడ మీదుగా సారమ్మ గారికి చెప్పారు. చూపుండగానే పక్షుల్ని ఒకసారి చూసుకుందామనుకుంటున్నారు కాబోలని సారమ్మ గారు పైటతో కళ్లు ఒత్తుకున్నారు. వాళ్లిద్దర్నే పంపడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆదివారం ఆటోలో వెళదామనుకున్న దంపతుల కోసం చర్చి ముందు ఒక వ్యాను, నిండా జనం, పులిహోర గిన్నెలు సిద్ధంగా ఉన్నాయి. సారమ్మ గారి ఫోను అందుకున్న మధుబాబు తాడేపల్లిగూడెం నుంచి మెడలో పెద్ద కెమెరా, కళ్లలో నీళ్లతో దిగాడు.

"బావగారూ, నేనున్నానండీ," అని మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు.

"కనబడుతూనే ఉన్నావు కదయ్యా, ఇంత మనిషివి," అన్నారు మాస్టారు.

ఆ మాటకు మధుబాబు ఇంకా ఏడ్చాడు.

కొల్లేటి పక్షులుండే ఆటపాక చేరేదాకా దారి పొడవునా చేపల చెరువులు, వాటి మీద ఎండ. గట్టు మీద దిగగానే మాస్టారికి ఇటొకరు అటొకరు తోడొచ్చారు. "ఇక్కడ మెట్టుందండీ మాస్టారూ." "కుడిచేతి వైపు గూడబాతులండీ. తెల్లగా ఉన్నాయండీ." జీవితమంతా పిల్లలకు గూడబాతుల గురించి పాఠం చెప్పిన మనిషికి అవి తెల్లగా ఉంటాయని ఇంతమంది కలిసి ఎందుకు చెబుతున్నారో అర్థం కాలేదు. అయినా ఆయన ఎవరినీ చిన్నబుచ్చే రకం కాదు. "అలాగాండీ," అన్నారు.

ముందు అందరికీ కలిపి ఒక ఫోటో తీస్తానని చిన్న కెమెరా పైకెత్తారు. దాని లెన్సుకు నల్లటి మూత ఉంది. పాత కెమెరాల్లో అయితే మూత తీయకపోతే కంటికి చీకటే కనిపించేది, గుర్తొచ్చేది. దీనికి చూసే కిటికీ వేరు, బొమ్మ పడే కన్ను వేరు. లెన్సుకు మూత ఉన్నా, కిటికీలోంచి కొల్లేరంతా ధగధగలాడుతూ కనిపిస్తుంది. మాస్టారు కిటికీలోంచి చూస్తున్నారు. జనం మూతను చూస్తున్నారు.

"బావగారూ, ఆ మూ—" అన్నాడు మధుబాబు. సారమ్మ గారు అతని జబ్బ మీద గట్టిగా గిల్లారు.

"ఊరుకోండి బాబూ. ఆయన మనసు కష్టపెట్టకండి. నవ్వండి."

అందరూ నవ్వారు. పాస్టరు గారు కోటు సర్దుకున్నారు. సారమ్మ గారు పైట సవరించుకుని, ఆ నల్ల మూతకేసి కన్నీళ్లు దిగమింగుకుంటూ నవ్వారు. ఒకరొకరే వచ్చి విడిగా కూడా తీయించుకున్నారు. ఇంత చక్కగా ఫోటోకు నిలబడే జనాన్ని మాస్టారు ఎన్నడూ చూడలేదు.

సారమ్మ గారు విక్టోరియా గారిని పక్కకు పిలిచి ధైర్యం చెప్పారు. ఏలూరంతటికీ తెలిసిన సంగతి ఆవిడకు తెలిసింది అప్పుడే.

"అయ్యో, ఆయన చూపు శుభ్రంగా ఉందండీ! పొద్దున పప్పులో వెంట్రుకుంటే ఏరి నాకు చూపించారు కూడాను!"

సారమ్మ గారు ఆవిడను గుండెకు హత్తుకున్నారు. "ఎంత నిబ్బరం తల్లీ నీకు!"

తర్వాత పడవ. అందులో దంపతులిద్దర్నే కూర్చోబెట్టి మిగతావాళ్లు గట్టు మీద ఆగిపోయారు. మధుబాబుకు నీళ్లంటే భయం, ఎలాగూ ఎక్కడు. పడవ మధ్యకు వెళ్లాక మాస్టారు కెమెరా భార్య వైపు తిప్పారు. ఆవిడ బిగుసుకోలేదు. కళ్లు మూసుకోలేదు. మాస్టారి వైపే చూస్తూ, గాలికి ఎగురుతున్న జుట్టును చెవి వెనక్కు తోసుకుని, పకపకా నవ్వింది. మాస్టారికి కళ్లు చెమర్చాయి. ఫిల్ములో మిగిలిందంతా ఆవిడకే ఖర్చు పెట్టారు. చుట్టూ ఇన్ని పక్షులుంటే ఒక్కదాని వైపూ చూడలేదు.

హైదరాబాద్‌లో కడిగించిన ఫిల్ము తిరిగొచ్చిన రోజు మాస్టారు దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశారు. ఒక్క బొమ్మా లేదు. గాజుముక్కలా ఖాళీగా ఉంది. ఆయన కుర్చీలో కూలబడిపోయారు.

విక్టోరియా గారు వచ్చి పక్కన కూర్చున్నారు. "మూత తీయలేదండీ మీరు."

"నీకు తెలుసా?"

"అందరికీ తెలుసండీ." అని కంటి డాక్టరు దగ్గర మొదలుపెట్టి పొన్నగంటి కూర దాకా మొత్తం చెప్పింది.

మాస్టారికి ముందు కోపమొచ్చింది, తర్వాత సిగ్గేసింది. రెండూ పోయాక మిగిలింది మాత్రం వేరే. "వాళ్లంటే ఏదో అనుకున్నారు. నువ్వైనా చెప్పొచ్చు కదా! ఒక్క ఫోటో... నీదొక్కటి కోసమే కదా బీరువా ఖాళీ చేసింది!"

ఆ సగం నిజం వినడం ఆవిడకు అదే మొదలు.

"ఆ గాజు కన్ను నా మీద పడితే నాకు ఊపిరాడదండీ. ఆవేళ దానికి మూతుంది. చూస్తున్నది మీరొక్కరే. అంతసేపు నన్ను చూడ్డం నాకు హాయిగా ఉంది. చెబితే మూత తీసేసేవారు కదా?"

మాస్టారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆ చెయ్యి విడిచిపెట్టాల్సి వచ్చింది, మధుబాబు తలుపు కొట్టాడు కాబట్టి. ఒక చేతిలో పొన్నగంటి కట్టలు, ఇంకో చేతిలో కాగితం చుట్టిన పటం.

"గట్టు మీంచి పెద్ద కెమెరాతో నొక్కానండీ బావగారూ. ఎలా నొక్కానో నాకే తెలీదు. అక్క బాగా పడింది కదాని గూడెంలో ఫ్రేము కట్టించాను. మీకు... మీకు చూపించలేకపోయినా, అక్కయినా చూసుకుంటుందని..."

మాస్టారు కాగితం చింపారు. పడవ, నీళ్లు, వెనక తెల్లగా గూడబాతులు. మధ్యలో విక్టోరియా గారు కళ్లు నిండుగా తెరుచుకుని, తల కాస్త వెనక్కు వాల్చి నవ్వుతున్నారు. 'ఠక్' ఎంత గట్టిగా మోగినా పడవ దాకా వినపడలేదు. మూలన బొటనవేలు కూడా లేదు. తను మోయలేనని వదిలించుకున్న కెమెరా, తను తీయలేని ఫోటో తీసి ఇంటికి తెచ్చిచ్చింది.

"బాగుంది," అన్నారు మాస్టారు. "అదుగో, చెవి పక్క తెల్ల వెంట్రుక కూడా కనిపిస్తోంది."

మధుబాబు బయటకు పరుగెత్తి సారమ్మ గారికి చెప్పాడు.

ఆదివారం ఆరాధనలో సారమ్మ గారు లేచి, మాస్టారికి చూపు తిరిగొచ్చిందని ఆనందబాష్పాలతో సాక్ష్యం చెప్పారు. అందరూ మాస్టారి వైపు తిరిగారు. అసలు సంగతి చెబుదామనే ఆయన లేచారు. అంతమంది తనకోసం మోసిన కూర గుర్తొచ్చింది. పక్కన భార్య తలెత్తి తననే చూస్తోంది.

"అవునండీ," అన్నారు ఆవిడ వైపు చూస్తూ. "ఇప్పుడు బాగానే కనిపిస్తోంది."

ఆ పటం ఇప్పుడు మాస్టారి హాల్లో ఉంది. అందులో విక్టోరియా గారికి ఎదురుగా మాస్టారు కూడా ఉన్నారు, చిన్న కెమెరా కంటికి ఆనించుకుని. మూత చాలా స్పష్టంగా వచ్చింది.