నంబరు మాసిన ఇల్లు

మరచిపోయిన బీమా సొమ్ము వాపసు కావాలంటే ఇల్లు స్వయంగా హాజరు కావాలన్న నిబంధన మేరకు, తాడేపల్లిగూడెం హౌసింగ్ కాలనీలోని మేడిశెట్టి గంగాధరం గారి డాబా సోమవారం రాహుకాలం దాటాక ఏలూరు బయలుదేరింది.

రైసుమిల్లులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో గంగాధరం గారు ప్రభుత్వ హామీతో గృహరుణం తీసుకున్నారు. దాంతోపాటు బీమా కూడా కట్టారు. గడువుకు ముందే అప్పు తీర్చేశారు. అలా తీర్చినవారికి బీమా సొమ్ములో కొంత వెనక్కి వస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్ళ తరువాత నోటీసు వచ్చింది. నెలాఖరులోగా ఇంటిని వెంటబెట్టుకుని రావాలని అందులో ఉంది.

ఆయన భార్య నూకరత్నం గారు గడపకు పసుపు రాసి, గోడలకు వెల్ల వేయించారు. తలుపు పక్కన ఎర్రరంగుతో ఉన్న లబ్ధిదారు నంబరు మీద రెండు పూతలు ఎక్కువే పడ్డాయి.

“పెద్దాఫీసుకి వెళ్తా మొహం మీద ఆ మరకేంటండి,” అన్నారామె.

లైన్‌మన్ వచ్చి కరెంటు తీగ విప్పాడు. ఇల్లు రోడ్డుకు ఎడమవైపునే నడిచింది. దేవుడి గదిలో దీపం కొండెక్కకుండా గుంతల దగ్గర నెమ్మదించింది. భార్యతో కలిసి వెనక నడుస్తున్న గంగాధరం గారి ఛాతీ కొద్దిగా విరుచుకుంది. ఇల్లే వస్తున్నప్పుడు విడిగా కాగితాలు మోయడమెందుకని ఆయన చేతులూపుకుంటూ నడిచారు.

మర్నాడు ఏలూరు కార్యాలయం ముందు వరసలో నిలబడ్డ పెంకుటింటి యజమాని వీరి డాబాను ఎగాదిగా చూశాడు.

“పెళ్ళికి తెచ్చినట్టు తెచ్చారేంటండి బాబూ. మాది ఉన్నదున్నట్టు తెచ్చాను.”

“మీది దారంతా పెంకులు రాల్చుకుంటా వచ్చిందండి. వెళ్ళేటప్పుడు ఏరుకోండి,” అన్నారు నూకరత్నం గారు.

మూడు గంటలకు పిలుపు వచ్చింది. ఆఫీసు గుమాస్తా ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

“నంబరేదండి?”

“సున్నం కింద ఉందండి. గోకి చూపిస్తాను.”

“మీరు గోకితే ప్రభుత్వ నంబరు దిద్దినట్టవుద్ది. నంబరు లేని ఇల్లు ఎవరిదని రాయమంటారు?”

“నాదేనండి. దస్తావేజులున్నాయి.”

“ఎక్కడ?”

“లోపల బీరువాలో.”

“ఎవరిదో తెలీని ఇంట్లోకి మిమ్మల్నెలా పంపుతాను, మీరే చెప్పండి.”

గంగాధరం గారు ఆలోచించారు. ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. ఇంటిని వెనక ఆవరణలో, యజమాని తెలియని ఇళ్ళ మధ్య నిలబెట్టారు. తాళంచెవులకు రసీదు ఇచ్చారు.

దంపతులు ఎదురు వీధిలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. రోజూ స్నానం చేసి, ప్రహరీ ఇవతల నిలబడి, తమ దేవుడి గది ఉన్న వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటారు. దేవుడు లోపల, భక్తుడు బయట ఉంటే పూజ ఎవరి లెక్కలో పడుతుందని గంగాధరం గారికి ఒక్కోసారి సందేహం వస్తుంది. అడగడానికి ఆ గుమాస్తా తప్ప ఎవరూ లేరు.

గణతంత్ర దినోత్సవం నాడు ఆవరణలోని ఇళ్ళన్నిటిలోకి చక్కనిదిగా వీరి ఇంటికే ప్రశంసాపత్రం వచ్చింది. అందులో యజమాని పేరు ఉండాల్సిన చోట గీత గీసి ఉంది. నూకరత్నం గారు నకలు తీయించి అద్దె గదిలో పటం కట్టించారు. చుట్టాలు వస్తే ముందుగా అదే చూపిస్తారు.

“ఇల్లూ, సొమ్మూ రెండూ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయండి,” అంటారు గంగాధరం గారు తలెత్తి. “మేమెవరమో తేలగానే ఇచ్చేస్తారు.”