ఆగని బొమ్మకు ప్యాక్ లేదు

జనానికి ఏం కావాలో జనానికి తెలియదన్న మహాసత్యాన్ని కనిపెట్టినందుకు సెల్‌ఫోన్ కంపెనీలకు మానవజాతి చేతులెత్తి మొక్కాలి. ఈ సత్యం తలకెక్కని మొండివాళ్లు అక్కడక్కడా మిగిలారు. మన దర్జీ వాళ్లలో ఒకడు.

అతని ఏడేళ్ల కూతురికి పుట్టు చెవుడు. మాట రాదు, చేతులతోనే గలగలా మాట్లాడుతుంది. రాయడం ఇంకా పట్టుబడలేదు. వినపడని పిల్లల బడి దూరం కావడంతో ఈ ఏడే హాస్టల్లో వేశాడు. పిల్లకు కొనిచ్చిన ఫోన్‌ను హాస్టల్ వాళ్లు ఆదివారం మధ్యాహ్నం చేతికిస్తే, పది నిమిషాలు వీడియో కాల్. మొన్న పిల్ల ఏడుపు మొహంతో రెండు అరచేతులూ ఇంటికప్పులా ఆనించి "ఇల్లు" అంది. అక్కడే ఫోన్‌లో బొమ్మ బిగుసుకుపోయింది. ఇంటికి తీసుకుపొమ్మందో, ఇంకేమందో తెలియక దర్జీ మూడు రోజులుగా గుండీలు తిరగేసి కుడుతున్నాడు. వార్డెనమ్మను అడిగితే "బాగానే ఉందండీ" అంది. (వార్డెన్ల లెక్కలో పిల్లలెప్పుడూ బాగానే ఉంటారు.)

మనసాగక కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు. టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చున్నాక, వినియోగదారుల ఆకాంక్షల అధికారిణి చిరునవ్వుతో పిలిచింది.

"ఏం కావాలి సార్?"

"ఆదివారం పది నిమిషాలు బొమ్మ ఆగకుండా రావాలమ్మా. అంతే."

ఆవిడ కంప్యూటరంతా వెతికింది. సినిమాల ప్యాక్ ఉంది, ఆటల ప్యాక్ ఉంది, బరువు తగ్గేవాళ్ల ప్యాక్ కూడా ఉంది.

"ఆగకుండా రావడం ప్యాక్ కాదు సార్, అది నెట్ పనిచెయ్యడం. మా దగ్గర ప్యాక్‌లే ఉంటాయి."

"మరి నెట్ ఎవరి దగ్గరుంటుంది తల్లీ?"

ఇది సిలబస్‌లో లేని ప్రశ్న కాబట్టి మేనేజరు రావలసి వచ్చింది. ఆయన దయామయుడు. అప్పటికప్పుడు పాప నంబరుకు "మాటల మహారాజు" పథకం వేయించాడు. ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, రోజుకో పాట ఉచితం.

"మా పాపకు వినపడదు సార్!"

"సౌండు తక్కువా? అది వేరే ఫిర్యాదు" అంటూ ఆయన అదీ రాసుకున్నాడు.

"మీ పాటలు మీరే వినండి! నా బిడ్డ ఏమందో నాకు తెలిస్తే చాలు!" దర్జీ అరిచాడు. వరుసలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. (రికార్డులో ఇది "కస్టమర్ ఉద్వేగభరిత స్పందన" కింద, ప్రశంసల గడిలో నమోదైంది.)

ఆదివారం వచ్చింది. బొమ్మ అద్దంలా వచ్చింది. పిల్ల కళ్లు తుడుచుకుని, మళ్లీ "ఇల్లు" అని అరచేతులు ఆనించింది. దర్జీ ఫోన్ మీదికి వంగాడు. అంతలో కాల్ తెగిపోయింది. మళ్లీ మళ్లీ చేశాడు. ప్రతిసారీ బిజీ. హాస్టల్ వాళ్లిచ్చిన సమయం అయిపోయాక కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది:

"మీ సమస్య తీరిందో లేదో కనుక్కోవడానికి మీ పాప నంబరుకు ఇప్పుడే ఫోన్ చేశాము. సమస్య ఉంటే 'ఉంది' అనమని పది నిమిషాలపాటు ఓపికగా అడిగాము. ఎలాంటి అభ్యంతరమూ వినిపించనందున మీ ఫిర్యాదును సంతృప్తికరంగా ముగించడమైనది."