ప్యానెళ్లకి దుప్పటి కప్పిన ఘనుణ్ణి

అయ్యా, అమ్మా! ఇంటి మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకుంటే కలిగే లాభాల్లో కరెంటు చిట్టచివరిది! నవ్వకండి. డాబా మీద ఆరు ప్యానెళ్లు బిగించుకుని, వారం రోజులు ఒక్క బల్బుకి సరిపడా కరెంటు కూడా చూడనివాణ్ణి. అనుభవంతో చెబుతున్నాను.

మొదటి లాభం, హోదా. యాభై రెండేళ్లొచ్చినా ఏ టీవీవాడూ నన్ను ప్యానెల్లో కూర్చోబెట్టలేదు. ఇప్పుడు ప్యానెలే వచ్చి నా నెత్తిన కూర్చుంది! రెండోది, అధికారం. సూర్యుడు ఈ పూట ఎంత పనిచేశాడో ఫోన్‌లో యాప్ చెబుతుంది. సూర్యుడి మీద సూపర్‌వైజర్‌ని నేను! ఇంట్లో మాత్రం ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ పోస్టు ఖాళీగా లేదు. మా ఆవిడ సూర్యకళే నా మీద చేస్తోంది.

ఇంకో లాభం ఉంది. అది చెప్పాలంటే మా వీధి సంగతి చెప్పాలి.

ఓడరేవుకి కూతవేటు దూరం మాది. గాలి ఇటు తిరిగిందా, నల్లపొడి రాలుతుంది. అందుకని మా వీధిలో విలువైన ప్రతిదానికీ ముసుగుంటుంది. టీవీకి కవరు, రిమోట్‌కి కవరు, బండికి పాత చీర, బిందెకి మూత, ఆ మూత మీద గుడ్డ. పెళ్లిచూపులకొచ్చిన కుర్రాణ్ణి కూడా ఓసారి దులిపాకే కూర్చోబెడతాం!

అలాంటి వీధిలో వార్డు ఆఫీసువాళ్లు సోలార్ ప్రచారం మొదలెట్టి, మా ఇంటిని ‘ఆదర్శ సౌరగృహం’గా ఎంపిక చేశారు. సోమవారం ఇంజినీరుగారొచ్చి అందరి ముందూ రీడింగ్ చదువుతారట. అది బాగుంటే మిగతా నలభై ఇళ్లూ సంతకాలు పెడతాయి. లేకపోతే నా పరువు గోవిందా!

నేనేమో అప్పటికే వీధి మధ్యలో ఉపన్యాసం ఇచ్చేశాను. వాళ్లమ్మకి దగ్గుమందు తెస్తూ ఎదురింటి వరహాలు ఆగి అడిగాడు. “నెట్ మీటరంటే ఏటి బావా? సేపల వలకి గాని మీటరెట్టారేటి?”

గంటసేపు వివరించాను. తెలియని విషయాన్ని గంటసేపు చెప్పడం ఆషామాషీ కాదు!

ప్యానెళ్లు బిగించి మనుషులు అటు వెళ్లారో లేదో, నా చెయ్యి ఊరుకుంటుందా? కొత్త సామాను! నల్లపొడి! రెండు పెద్ద దుప్పట్లు తెచ్చి, తాళ్లతో బిగించి కప్పేశాను. మరి ఎండ ఎలాగంటారా? నాకు జ్వరమొస్తే మా ఆవిడ దుప్పటి కప్పుతుంది, ఒళ్లు కాలిపోతుంది. సోలార్‌కి కావలసింది వేడే కదా! ఇదీ నా సైన్సు.

యాప్ సున్నా చూపించింది. మర్నాడూ సున్నా. మబ్బుల్ని తిట్టాను, యాప్‌ని తిట్టాను, బిగించినవాళ్లని తిట్టాను. యూనిట్లు రాక ఇంట్లో యూనిటీ కూడా పోయింది.

సోమవారం ఇంజినీరు ఉదయ్‌కుమార్ వచ్చాడు. వెనకాలే వీధి వీధంతా డాబా ఎక్కింది.

“ఇదేంటి మాస్టారూ?”

“దుప్పట్లు బాబూ.”

“సూర్యుడికి సలేత్తందని కప్పినాడండి మా బావ!” అన్నాడు వరహాలు. డాబా అదిరిపోయేలా నవ్వారు. నా పరువు మెట్లు దిగి వెళ్లిపోవడం కళ్లారా చూశాను.

ఉదయ్‌కుమార్ మాత్రం నవ్వలేదు. దుప్పటి లాగాడు. తెల్ల దుప్పటి, పైవైపు బొగ్గులా ఉంది. వేలితో రాసి చూసుకుని కంగారుపడ్డాడు. “అయ్యబాబోయ్, ఇంత పొడా! ప్యానెళ్లు పాడైపోవూ? ఇది చాలా సీరియస్ మేటరండీ!”

అక్కడికక్కడే ఫోన్ తీశాడు. రేపట్నుంచి రోజూ పొద్దున్నే ఓ మనిషి నీళ్లతో, మెత్తటి గుడ్డతో వచ్చి ప్యానెళ్లు తుడిచి వెళ్తాడట. కాగితం రాసి సంతకం కూడా పెట్టేశాడు. అయిదే నిమిషాలు!

ఇదే నేను చెప్పదలచుకున్న లాభం. ఈ నల్లపొడి గురించి ఇరవై ఏళ్లుగా ఎన్ని అర్జీలు పెట్టాను! ఎక్కణ్ణుంచి వస్తోందంటే ఒక్కో ఆఫీసూ సముద్రం వైపు చెయ్యి చూపించింది. అదే పొడి ప్యానెల్ మీద పడగానే ప్రభుత్వానికి కనపడింది! చూశారా సోలార్ మహిమ?

సూర్యకళ దుప్పటి దులపబోయి, దగ్గొచ్చి ఆగిపోయింది. ఊపిరి తీసుకుని అంది, “బాబూ, ఇలాంటియి రెండు నా గుండెల మీద గూడా బిగించీయండి. అప్పుడు పొద్దున్నే నన్ను తుడవడానికైనా ఎవులో ఒకలు వత్తారు.”

ఎవరూ నవ్వలేదు. ఉదయ్‌కుమార్ పెన్ను మూత కోసం వెతుక్కున్నాడు.

ఆ సాయంత్రానికి నలభై ఇళ్లూ సంతకాలు పెట్టాయి! రీడింగ్ సంగతి ఎవరూ అడగలేదు. ‘ప్యానెళ్లు ఎక్కడ బిగించాలి’ అని ఫారంలో ఓ గడి ఉంది. అందరూ డాబా అని రాశారు. వరహాలు మాత్రం వాళ్లమ్మ అసిరమ్మ పేరు రాశాడు.