డెల్మర్ కాలు, రొవీనా పరీక్ష

శుక్రవారం ఉదయం రొవీనా వేసుకున్న లెక్కలో వంక పెట్టడానికేమీ లేదు. ముందు డెల్మర్ ఇంటికి వెళ్ళి అతని కాలి పుండుకు కట్టు మార్చాలి. తర్వాత అతని వంటింట్లోనే లాప్‌టాప్ తెరిచి, ఇళ్ళకెళ్ళి కట్లు కట్టే నర్సుల కోసం పెట్టిన ఆన్‌లైన్ కోర్సులో చివరి పాఠం విని పరీక్ష రాసేయాలి. గడువు మధ్యాహ్నం పన్నెండు. అది దాటితే లైసెన్సు ఆగిపోతుంది, సోమవారం నుంచి ఎవరి గడపా తొక్కే వీల్లేదు. కోర్సు ఏడాదిగా తెరిచే ఉంది, నిజమే. కానీ మా కెంటకీ కొండల్లో నర్సుకు తెల్లారడం, పొద్దుగూకడం రెండూ కారులోనే. ఇంట్లో చూస్తే ఇంటర్నెట్ లేదు. డెల్మర్ ఇంటి మీద మాత్రం కారు పందేలు చూడటానికని పెట్టించుకున్న పెద్ద ఇంటర్నెట్ డిష్ ఉంది.

డెల్మర్ గనిలో పనిచేసి రిటైరైన మొండిఘటం. కాలు పైకి పెట్టుకుంటే నీరు దిగి పుండు మానుతుందని రొవీనా ఆర్నెల్లుగా మొత్తుకుంటోంది.

"కాలు మీదెట్టుకుని కూర్చోడానికి నేనేమన్నా గని ఓనర్నా అమ్మాయ్?" అన్నాడు ఆ రోజు కూడా.

కట్టు కట్టడం అయ్యాక ఆమె పాఠం పెట్టింది. కళ్ళజోడు కారులో మరిచిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చి, పాఠాన్ని దాని మానాన వదిలేసి బయటికి పరుగెత్తింది. అది సీటు కింద ఎక్కడో దూరింది. ఈలోగా వంటింట్లో పాఠం చెప్పే డాక్టరమ్మ గొంతు గంభీరంగా సాగుతోంది. "ఈ పెద్దాయనకు డెబ్బై రెండేళ్ళు. ఎడమ కాలు. పైకి పెట్టుకోమంటే ఏనాడూ వినలేదు. ఇక మోకాలి కింద నుంచి తీసేయడం తప్ప దారి లేదు. ఆయనకు ఒక్కసారిగా చెప్పకండి. ముందు ఇంట్లోవాళ్ళను సిద్ధం చేయండి."

పక్కగదిలో డెల్మర్ తన ఎడమ కాలి వంక చూసుకున్నాడు. అతనికీ డెబ్బై రెండే. వెంటనే అక్క ఓపల్‌కు ఫోన్ చేశాడు.

"అక్కా, నా కాలు తీసేస్తారంట."

"ఎవరన్నార్రా?"

"పెద్ద డాక్టరమ్మ. కంప్యూటర్లోంచి చెప్తోంది. నాకు చెప్పొద్దంటోంది కూడా!"

మా చర్చిలో ప్రార్థన గొలుసని ఒకటుంది. ఒకరికి కష్టం వస్తే తెలిసినవాళ్ళు ఇంకొకరికి ఫోన్ చేయాలి, వాళ్ళు మరొకరికి. ఓపల్ ఏడుస్తూ మొదలుపెట్టిన కబురులో ఒక కాలే పోయింది. రెండు మూడిళ్ళు దాటేసరికి రెండు కాళ్ళూ పోయాయి. పాస్టరుగారి భార్య దాకా వచ్చేసరికి డెల్మర్ ఏకంగా ప్రభువు సన్నిధికే చేరుకున్నాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళను గుచ్చిగుచ్చి అడగడం మావాళ్ళకు మర్యాద కాదు.

కళ్ళజోడు వెతికి పట్టుకుని లోపలికొచ్చిన రొవీనాకు డెల్మర్ తీరు వింతగా అనిపించింది.

"ఏంటీ, ఇవాళ నాతో గొడవ లేదా?"

"నీ పని నువ్వు చేసుకో తల్లీ," అన్నాడు డెల్మర్, చావు కళతో. ఆమె సంతోషంగా పాఠం మొదటి నుంచి విని పరీక్షలోకి దిగింది.

అప్పుడొచ్చాయి కార్లు. వేయించిన కోడితో ఓపల్, నల్లసూటులో పాస్టరుగారు, వెనక సంఘమంతా. పొరుగింటి యూలా అరటిపండు పుడ్డింగు పట్టుకుని తలుపు కొట్టింది. తీసింది డెల్మరే.

"నువ్వు చచ్చిపోలేదూ?"

"నాకెవరూ చెప్పలేదే!"

"మనవడి పుట్టినరోజుకని చేసింది ఎత్తుకొచ్చానయ్యా, నీ కోసం!"

పందేల రోజుల్లో వచ్చే అలవాటు వల్ల అందరి ఫోన్లూ గుమ్మం దాటగానే డెల్మర్ ఇంటర్నెట్‌ను పట్టుకున్నాయి. పాస్టరుగారి మేనకోడలు ప్రార్థనను లైవు పెట్టింది. వంటింట్లో మూడో ప్రశ్న దగ్గర లాప్‌టాప్ తెర మీద చక్రం తిరిగి తిరిగి ఆగింది. ఈ నెల డేటా అయిపోయిందని రాసి వచ్చింది.

"ఆపండి!" అని రొవీనా వేసిన కేకకు ఆమెన్ సగంలో తెగింది. "ఎవరి కాలూ తియ్యట్లేదు! అది పాఠం! ఎక్కడో ఎవరో ముసలాయన కాలు!"

"ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు డెల్మర్.

"మీరు ముందే అడగొచ్చుగా! పన్నెండు దాటితే నా ఉద్యోగం పోతుంది!" అంటూ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. అందరికీ సిగ్గేసింది. అందరికన్నా ఎక్కువ డెల్మర్‌కే. భార్య పోయాక అతనితో మనసుపెట్టి పోట్లాడింది ఈ పిల్ల ఒక్కతే.

ఇంటర్నెట్ దొరికే చోటు ఇక టౌన్ లైబ్రరీ ఒక్కటే. కానీ పన్నెండుకు గంట కూడా లేదు, దారిలో వంతెన రిపేరు, దాని ముందు బొగ్గు లారీల బారు. డెల్మర్ కిటికీలోంచి చూశాడు. ముందు పాస్టరుగారి నల్లకారు, వెనక వరసగా కార్లు.

"లైట్లేసుకుని బయల్దేరండి. శవం రెడీగానే ఉంది," అన్నాడు.

"అది అబద్ధమాడినట్టు కాదా?" అన్నారు పాస్టరుగారు.

"మనమేం మాట్లాడట్లేదుగా. లైట్లే కదా వేస్తున్నాం!" అంది ఓపల్.

పట్టపగలు లైట్లేసుకుని బారుగా కార్లు వస్తున్నాయంటే అది అంతిమయాత్రే, ఎదురైతే మా కొండల్లో ఎంతటివాడైనా పక్కకు తప్పుకోవాల్సిందే. లారీలు అంచుకు ఒదిగాయి. వంతెన మీద పనివాళ్ళు టోపీలు తీసి నిలబడ్డారు. రొవీనా కారు వెనక సీట్లో కాలు బారజాపుకున్న డెల్మర్, తెలిసిన మేస్త్రీ కనబడితే ఉండబట్టలేక చెయ్యూపాడు. అతను పోయాడన్న కబురు అప్పటికే విన్న మేస్త్రీ రోడ్డు మీదే చతికిలబడ్డాడు. టౌన్ మొదట్లో కుర్ర పోలీసు ఒకడు తన కారును ముందు పెట్టి, సిగ్నళ్ళన్నీ ఆపి, లైబ్రరీ గుమ్మం దాకా దారి తీశాడు.

రొవీనా లోపలికెళ్ళి మళ్ళీ పరీక్షకు కూర్చుంది, సంఘమంతా బయట గుమ్మం దగ్గర కాచుకుంది. ఇలాంటి పుండున్న రోగికి ముందుగా ఏం చెప్పాలన్నది చివరి ప్రశ్న. రొవీనా దానికి నిద్రలో కూడా జవాబు చెప్పగలదు. పన్నెండు కొట్టేలోగానే ఆమె సర్టిఫికెట్ ఊపుకుంటూ బయటికొచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పోలీసు టోపీ చేతబట్టుకుని దగ్గరికొచ్చాడు. "చాలా బాధగా ఉందమ్మా. పోయినవారెవరు?"

కారు కిటికీలోంచి డెల్మర్ తల బయటపెట్టాడు. "నేనే బాబూ. కాలు పైకెట్టుకోమన్నారు, లేవలేను."

సోమవారం రొవీనా కట్టు మార్చడానికి వచ్చేసరికి, డెల్మర్ బతికే ఉన్నాడన్న కబురు అందని ఇంటి నుంచి ఓ పెద్ద పూలచక్రం వచ్చి ఉంది. డెల్మర్ దాన్ని వెనక్కి పంపనివ్వలేదు, పిక్క కింద పెట్టుకోవడానికి ఎత్తు సరిగ్గా సరిపోయింది.