గోడ బీరువా, ఒకటి

ఇంటి లోను మంజూరు కావడానికి వీలుగా త్రినాథరావు ఆ సోమవారం ఉదయం పదిన్నరకు గోడ బీరువాగా నమోదయ్యాడు. కాకినాడలో ఇదేమీ కొత్త కాదు. దరఖాస్తు పదకొండో పేజీలో దానికి గడి ఉంది, టిక్కు పెట్టాలి, అంతే.

చిక్కంతా బ్యాంకు చూసే క్రెడిట్ స్కోర్లతో వచ్చింది. మున్సిపల్ స్కూలు టీచరు హైమావతి స్కోరు ఎనిమిది వందల నాలుగు. ఆమె భర్త, జిరాక్స్ షాపు త్రినాథరావుది ఐదు వందల ముప్ఫై ఒకటి. నిజానికి ఆ రెండూ అతని చేతి చలవే. ఇద్దరి కార్డుల బిల్లులూ నెలనెలా ఒకేసారి వచ్చేవి. "ముందు నీది కట్టేద్దాం, నాది తర్వాత చూద్దాంలే" అనేవాడు. ఆ తర్వాత అనేది ఒక్కోసారి నెల దాటాక వచ్చేది. పెళ్లాం పేరు మీద మాట పడకూడదని పంతం, పిచ్చి మారాజు! ఆ పంతం రాసుకోవడానికి మాత్రం దరఖాస్తులో గడి లేదు.

లోను ఆఫీసరు మంచివాడే. కుర్చీలు చూపించి నెమ్మదిగా వివరించాడు.

"ఇద్దరూ కలిసి పెడితే తక్కువ స్కోరే చూస్తామండి, లోను రాదు. మేడం గారి ఒక్కరి పేరునైతే వస్తుంది. కానీ తక్కువ స్కోరున్న మనిషి ఆ ఇంట్లో ఉండకూడదు."

"మరి మా ఆయన ఎక్కడుంటారండీ?" అంది హైమావతి.

"ఇంట్లోనేనండి, కాకపోతే మనిషిగా కాదు. గోడకి బిగించిన సామానుకి స్కోరు అడగం." ఆఫీసరు గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో నేను నీళ్ల మోటారునండి. ఏడేళ్లయింది. అలవాటైపోద్ది."

హైమావతి దిగ్గున లేచింది. "మాకొద్దు. అద్దింట్లోనే పడుంటాం. రండి పోదాం."

త్రినాథరావు కదల్లేదు. పదహారేళ్లలో తొమ్మిది అద్దె ఇళ్లు మారారు. గోడకు మేకు కొట్టాలన్నా ఓనరును అడగాల్సి వచ్చిన ప్రతిసారీ ఆమె మొహం చిన్నబోవడం అతను చూశాడు.

"స్కోరు బాగుపడితే మళ్లీ మనిషిగా మార్చుకోవచ్చాండీ?"

"ఆయ్, రూలుందండి."

"ఇంకేం మరి. ఎన్నాళ్లులే హైమా!"

బీరువాలు సంతకం పెట్టవు కాబట్టి ఆమే పెట్టింది. ఏడుస్తూ పెట్టింది.

విలువ కట్టే ఆయన టేపు పట్టుకొచ్చాడు. ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు, లోతు పదంగుళాలు. పొట్ట దగ్గర కాస్త ఎక్కువొస్తే "ఊపిరి బిగపట్టండి" అన్నాడు. చెదల మందు కొట్టించిన సర్టిఫికెట్టు జత చేశారు. కొత్తింటి హాల్లో తూర్పు గోడకు గూడు కొట్టి, త్రినాథరావును నిలబెట్టి, చుట్టూ సిమెంటు పూశారు. విలువ ఇరవై రెండు వేలని రాశారు. "పర్లేదే!" అని మురిసిపోయాడు పాపం. ఏ కాగితం మీదా అతనికి అంత విలువ ఎవరూ రాయలేదు.

హైమావతి రోజూ అన్నం కలిపి నోటికందించేది. బడి కబుర్లన్నీ ఆ గోడ దగ్గరే చెప్పేది. "మన ఇంట్లో మనం పక్కపక్కన కూర్చుని తినేదెప్పుడండీ?" అని అడగని పూట లేదు. తన జీతంలోంచి మిగిల్చి అతని పాత బాకీలన్నీ తీర్చుకుంటూ వచ్చింది. మూడేళ్లకు స్కోరు ఏడు వందల అరవైకి చేరింది. ఇకపై మనిషిగా నివసించవచ్చునని, అభినందనలని బ్యాంకు ఉత్తరం రాసింది.

ఆమె చెప్పులు కూడా విప్పకుండా హాల్లోకి పరుగెత్తుకొచ్చి ఉత్తరం చదివి వినిపించింది. రెండు పీటలు వేసింది, రెండు కంచాలు పెట్టింది. "రండి, రండీ!" అంది, నవ్వో ఏడుపో తెలియకుండా.

త్రినాథరావు కుడి భుజం ముందుకు వంచాడు. ఫెళ్లుమంది. పైకప్పు నుంచి కిటికీ దాకా గోడ బీటలు వారింది. ఇద్దరూ ఆ బీట వంక చూశారు. లోను ఇంకా పదిహేడేళ్లుంది.

"ఆగండి" అంది హైమావతి.

అతను ఆగాడు. భుజాన్ని మెల్లగా వెనక్కి సర్దుకున్నాడు. "మేస్త్రీకి కబురు పెట్టు. వానలు పడేలోపు పూడ్పించేద్దాం" అన్నాడు.

ఆమె అతని భుజం మీద రాలిన సున్నాన్ని కొంగుతో తుడిచింది. ఒక కంచం తీసి లోపల పెట్టేసింది.