గాలి తీసిన కారు

"మూడుసార్లు తొక్కితే పడతాండాది కదా బ్రేకు! ఇంకేం కావాల నీకు?" అన్నాడు జయరాముడు.

"మొదటిసారికే పడాల," అంది సుబ్బరత్నమ్మ పెనం మీద రొట్టె తిప్పుతూ. "నువ్వు మూడు లెక్కపెట్టేదాకా ఎదురొచ్చే ఎద్దు ఆగుతాదా?"

"కొత్తచెరువు ఎద్దులకు నా బండి తెలుసు."

"మడకశిర ఎద్దులకు తెలీదు కదా!"

వేరుశనగ వ్యాపారం చేసే ఆమె మొగుడు జయరాముడు ఆ పాత కారును ఒక రిటైరైన తహసీల్దారు దగ్గర కొన్నాడు. మడకశిరలో కాపురం చేస్తున్న సుబ్బరత్నమ్మ చెల్లెలు సిద్దమ్మకు నెలలు నిండాయి. తల్లి లేని పిల్లకు అక్క ఇల్లే పుట్టిల్లు. మరునాడు అమావాస్య. పురిటికి తెచ్చుకోవాలంటే అది రాకముందు, ఆ రోజే తెచ్చుకోవాలి. నిండు చూలాలికి బస్సు కుదుపులు మంచివి కావని కారులో తేవాలనుకున్నారు. బ్రేకు బాగుపడేదాకా తన చెల్లెలు అందులో కూర్చోదని తేల్చి చెప్పి, సుబ్బరత్నమ్మ తన తమ్ముడు ఓబుళేసును మెకానిక్కు బాలప్ప దగ్గరికి తరిమింది.

ఓబుళేసు బాలప్ప ఇచ్చిన నూనె సీసా పట్టుకుని రొప్పుతూ తిరిగొచ్చాడు.

"అక్కా, గాలి చేరిందంట! చక్రం చక్రం కాడా గాలి తీయాలంట. ఒకరు తొక్కాలంట, ఒకరు తీయాలంట. నూనె తగ్గకుండా పోస్తాండాలంట. ఆయప్ప పెనుకొండకు పోతాండాడు, రాలేడంట."

నడవలో కూర్చున్న అత్త హనుమక్క గుండె మీద చెయ్యి వేసుకుంది.

"గాలి చేరిందా! నేను అప్పుడే అనుకుంటి. తహసీల్దారు పెండ్లాం సచ్చిపోయింది ఈ కారులోనే కదా!"

"ఆమె పోయింది ఆస్పత్రిలో అత్తా."

"ఆస్పత్రికి పోయింది దేంట్లో?"

సుబ్బరత్నమ్మ రొట్టెలు ముగించి బయటికి వచ్చేలోపల ఎవరికి అర్థమైన పని వాళ్లు చేసేశారు. ఓబుళేసు గొంతుక్కూర్చుని నాలుగు టైర్లలోనూ గాలి తీసేశాడు. హనుమక్క నాలుగు చక్రాల ముందూ నిమ్మకాయలు పెట్టి, గడపలో దీపం వెలిగించి, నూనె తగ్గకుండా సీసాలోది పోస్తూ కూర్చుంది.

"ఇదేం నూనెరా, ముక్కు పగిలిపోతాండాది!" అంటూనే పోస్తోంది.

ఇక మిగిలింది తొక్కడం. నిమ్మకాయలను కారే తొక్కాలంది హనుమక్క. తల్లి మాట కాదనలేక జయరాముడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఓబుళేసు, దారినపోయే ఇద్దరు మనుషులు వెనక నుంచి తోశారు. నిమ్మకాయలు చితికాయి. వీధి పల్లం. కారు ఎదురింటి చౌడమ్మ అరుగు మీదికి బయలుదేరింది. అరుగు మీద శనగకాయలు చెరుగుతున్న చౌడమ్మ చేట పారేసి ఇంట్లోకి పరుగెత్తింది.

"ఒకటి!" అని తొక్కాడు జయరాముడు. "రెండు!" అని తొక్కాడు. మూడు అనేలోపల, గాలి లేని టైర్లు నేలకు అంటుకుపోయి, కారు అరుగుకు జానెడు దూరంలో ఈడ్చుకుంటూ ఆగిపోయింది.

"చూసినావా బావా! గాలి తీస్తే ఎట్ల నిలబడిందో!" అని ఓబుళేసు ఎగిరాడు.

అప్పుడే బయటికొచ్చిన సుబ్బరత్నమ్మ చక్రాల వంక చూసింది. "యాడి గాలి తీయమన్నాడురా బాలప్ప?"

"బ్రేకులో గాలి. బ్రేకు ఉండేది చక్రంలోనే కదక్కా!"

ఆమె తలుపు తీసి పెడలును చేత్తో నొక్కి చూసింది. మొదట మెత్తగా దిగిపోయింది. మళ్లీ మళ్లీ నొక్కితే గట్టిపడింది.

"నొక్కితే నూనె అణగదు, గాలి అణుగుతాది. నూనె ఉండాల్సిన గొట్టంలో గాలి దూరింది. ఆ గాలి తీయమన్నాడు, టైర్లది కాదు. అత్తా, ఆ సీసా ఇట్లియ్యి. ఏమయ్యా, నువ్వు కిందికి దూరు."

జయరాముడు పంచె ఎగ్గట్టి, పానా తీసుకుని కారు కింద దూరాడు. చక్రం వెనక చిన్న మర కనిపించింది. ఓబుళేసు ఇంజను పక్కనుండే బ్రేకు డబ్బాలో నూనె నింపుతుంటే సుబ్బరత్నమ్మ సీట్లో కూర్చుని పెడలు తొక్కిపట్టింది.

"ఇప్పుడు మర వదులు చెయ్యి. బుడగలొస్తాండాయా?"

"నా మొగం మీదికే వస్తాండాయి!"

"బిగించు. బిగించినాకే నేను కాలెత్తుతా. మళ్ల ఇంకోసారి."

బుడగలు ఆగేదాకా ఆమె వదలలేదు. నాలుగో చక్రం అయ్యేసరికి పెడలు మొదటి తొక్కుకే రాయిలాగా నిలిచింది. జయరాముడు నూనె కారుతున్న ముఖంతో బయటికి వచ్చి నవ్వాడు.

"ఇంక పోదాం పదండి. రేయ్ ఓబుళేసూ, టైర్లకు గాలి కొట్టు!"

"పంపు బాలప్ప దగ్గరుండాది బావా. పెనుకొండకు ఎత్తుకపోయినాడు."

తప్పు ఎవరిదన్న దాని మీద తల్లీ కొడుకూ బావమరిదీ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. సుబ్బరత్నమ్మ చేతులు కడుక్కుంది. రొట్టెలు మూట కట్టి చంకన పెట్టుకుని, గొంతు పెంచకుండా అందరికీ చెప్పింది.

"సిద్దమ్మ ఈడికి రాదు. పుట్టిల్లే ఆడికి పోతాండాది. మధ్యాహ్నం బస్సుకు నేనూ అత్తా పోతాం. పురుడు మడకశిరలోనే."

హనుమక్క సంచి తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

ఆ రోజు అనంతపురం జిల్లా మొత్తంలో జయరాముడి కారు నిలబడినంత గట్టిగా ఇంకే కారూ నిలబడి ఉండదు.